టైగరు మెడలో బెల్టు, మా అత్తగారి గొంతు

దెయ్యం వస్తుందని భయపెట్టి నేను నా పిల్లాడికి ఒక్క ముద్ద కూడా తినిపించలేదు. అలా తినిపించేవాళ్ళని చూస్తే నాకు కోపం. మా పుట్టిల్లు ఓడలరేవు దగ్గర. మా నాన్నకి సముద్రం వైపు సరుగుడు తోట ఉండేది. చిన్నప్పుడు ఆయనకి చద్దన్నం పట్టుకుని శ్మశానం పక్క నుంచే వెళ్ళేదాన్ని. కాలిన కట్టెలు చూశాను, పిండాల కోసం కొట్టుకునే కాకుల్ని చూశాను. అంతకు మించి ఎప్పుడూ ఏమీ కనబడలేదు. ఎవరైనా కనబడిందంటే నవ్వేదాన్ని.

ఇప్పుడు కూడా దెయ్యాలు ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇందులో దెయ్యం లేదు. ఒక కుక్క ఉంది, ఒక ముసలావిడ ఉంది. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గానీ, చూసింది మర్చిపోయే అలవాటు నాకు లేదు. చూసింది చూసినట్టు చెబుతాను.

రాజోలు దగ్గర మా అత్తవారి ఊరు. ఇల్లు కొబ్బరితోట మధ్యలో ఉంటుంది. ఇంట్లో మేం నలుగురం. మా అత్తగారు వీరాయమ్మ గారు, మావారు, నేను, మా అబ్బాయి శ్రీను. వాడికి తాటిపాక దగ్గర గ్యాసు ప్లాంటులో ఉద్యోగం. నైటు డ్యూటీలు ఎక్కువ. అయిదో ప్రాణి టైగరు. పేరుకి టైగరు గానీ ఊరకుక్కే. గోధుమరంగు, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. కొబ్బరి డొక్కల పోగులో కళ్ళు తెరవని పిల్లగా దొరికితే మా అత్తగారు చెంగులో వేసుకుని తెచ్చింది. దూదితో పాలు పట్టి బతికించింది. అప్పట్నించీ తన కంచంలో మొదటి ముద్ద వాడిదే. వాడు తిన్నాకే ఆవిడ తినేది.

వాడికి ఉన్న జబ్బల్లా అరుపు. సైకిలు వెళ్తే అరుపు, కాకి వాలితే అరుపు, మట్ట రాలితే అరుపు. మా అత్తగారు వసారాలో మంచం మీద నుంచే "ఊరుకోరా, ఊరు మేలుకుంటంది" అని కేకేసేది. ఆవిడ గొంతు కంచు. ఇద్దరూ కలిసి మొదలెట్టారంటే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా నవ్వుకునేవారు.

అలాంటి గొంతు ఒక చలికాలం పొద్దున్న పోయింది. పళ్ళు తోముకుంటూ కూలబడిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. అమలాపురం ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. పోయిన మాట మళ్ళీ పలకడం నేర్పించే వేరే ఒక మేడం గారి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. ఆవిడ మాకు ఒక సంగతి గట్టిగా చెప్పింది. మాట తిరిగి రావాలంటే ఈ మొదటి నెలల్లోనే రావాలి, ఇప్పుడు రాకపోతే తరవాత కష్టం అని.

మా అందరికంటే ఆ మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నది మా వదినగారు. సత్యవతి గారు, మావారికి అక్క. ఆవిడది ఆలమూరు. మా మావగారి సంవత్సరీకం నాడు పనులన్నీ అయ్యాక వచ్చిందని మా అత్తగారు చుట్టాలందరి ముందూ కూతుర్ని నానా మాటలూ అంది. వదినగారు చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆ తరవాత తల్లీ కూతుళ్ళకి మాటల్లేవు. ఇద్దరూ ఒకటే బాపతు, ఎవరు ముందు పలకరిస్తారా అని చూసుకుంటూ కూర్చున్నారు. అలా ఉండగానే తల్లికి ఇలా అయింది.

వదినగారు వారం వారం వచ్చేది. తల్లి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. తల్లి చూపు గోడ మీద ఉండేది, కూతురి మీద ఉండేది కాదు. జబ్బు వల్లే అని మేం చెప్పేవాళ్ళం.

"నాకు తెలుసే మంగా. జబ్బేనని తెలుసు. కానీ ఒక్క మాట అనేస్తే చాలే. తిట్టినా పర్లేదు. నన్ను పిలవకుండా పోతే నేనెలా బతకనే" అనేది నాతో.

మొదటి మాట టైగరు వల్లే వచ్చింది. ఒకరోజు వాడు ఎప్పట్లాగే గేటు దగ్గర అరుస్తుంటే లోపల్నుంచి "ఊ... ఊకో" అని వినబడింది. చేతిలో చేట వదిలేసి పరిగెత్తాను. ఆవిడే. నోరు వంకరపోయి, చొంగ కారుతూ, మళ్ళీ అంది. ఆ తరవాత "నీళ్ళు" వచ్చింది. "అబ్బాయి" వచ్చింది. "మంగ" అని నన్ను కూడా పిలిచింది. కూతురి పేరు మాత్రం ఇంకా రాలేదు. వదినగారు దానికోసం ఎదురుచూస్తోంది.

అప్పుడే శ్రీను ఫోన్లో ఆర్డరు పెట్టి ఆ బెల్టు తెప్పించాడు. వాడిది తప్పు అనను. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటే కన్ను మూతపడనివ్వడు టైగరు. ఒకరోజు నిద్రమత్తులో శ్రీను బండి కాలువగట్టు దాకా వెళ్ళి ఆగింది. దాంతో మావారికి భయం వేసి, "తెప్పించరా, ఏదో ఒకటి తెప్పించు" అన్నారు.

నల్లటి బెల్టు. మధ్యలో అగ్గిపెట్టె అంత పెట్టె. దాని లోపలి వైపు రెండు ఇనుప మొనలు, మొద్దుగా, కందిగింజల్లాగా. అవి కుక్క గొంతుకి ఆనుకుని ఉండాలి. కుక్క అరిస్తే మొదట ఆ పెట్టె కూత పెడుతుంది. అయినా అరిస్తే గుర్రుమని వణుకుతుంది. ఇంకా మానకపోతే చిన్న షాకు. షాకు కొట్టినప్పుడు పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. శ్రీను ముందు తన చేతికి పెట్టుకుని చూసుకున్నాడు.

"చీమ కుట్టినట్టుందమ్మా, అంతే" అన్నాడు.

టైగరు తెలివైనవాడు. తొందరగానే నేర్చుకున్నాడు. గేటు దగ్గరికి పరిగెత్తేవాడు, మెడ ఎత్తేవాడు, నోరు తెరిచేవాడు. అక్కడే ఆగిపోయి, మా వైపు ఒకసారి చూసి, వెనక్కి వచ్చి పశువుల పాకలో పడుకునేవాడు. ఇల్లు నిశ్శబ్దం అయిపోయింది. శ్రీను కడుపునిండా నిద్రపోయాడు. మేం కూడా హాయిగానే ఉందనుకున్నాం, నిజం చెప్పొద్దూ.

ఆ హాయిలో మేం కొన్నాళ్ళు గమనించలేదు. మా అత్తగారు మాట్లాడడం మానేసింది. "నీళ్ళు" పోయింది. "అబ్బాయి" పోయింది. నోరు తెరిచేది, మెడ నరాలు తేలేవి, అక్కడే ఆగిపోయేది. మేడం గారికి చూపిస్తే అప్పుడప్పుడు మాట ఇలా వెనక్కి వెళ్తుంటుందని అంది. మావారు దానికి ఇంకో కారణం చెప్పారు. కుక్కని ఊరుకోమనడానికే అమ్మకి మాట వచ్చేది, వాడు అరవకపోతే అమ్మకి మాట్లాడాల్సిన పని లేదు అని. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఇప్పటికీ అందులో తప్పు పట్టలేను. అంతవరకే అయితే నేనీ కథ రాసేదాన్నే కాదు.

ఒకరోజు టైగరు బెల్టు చార్జింగు కోసం తీశాను. వాడి గొంతు కింద వెంట్రుకలు పక్కకి తీస్తే రెండు ఎర్రటి చుక్కలు ఉన్నాయి. పాపం అనుకుని కొబ్బరినూనె రాశాను. ఆ చేతులు కడుక్కుని మా అత్తగారికి ఒళ్ళు తుడవడానికి వెళ్ళాను. తడిగుడ్డతో గడ్డం కింద తుడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. అక్కడ రెండు ఎర్రటి చుక్కలు ఉన్నాయి. గొంతుకి అటొకటి, ఇటొకటి.

దోమ కుట్టిందేమో అనుకున్నాను. చెమటకాయేమో అనుకున్నాను. ఆవిడ మెడలో తులసిపూసలు ఉండేవి, అవి ఒత్తుకున్నాయేమోనని తీసి పక్కన పెట్టాను. మర్నాడూ అలాగే ఉన్నాయి, ఇంకా ఎర్రగా. అప్పుడు చీపుర్లోంచి ఒక ఈనుపుల్ల లాగి, ఆవిడ మెడ మీద ఈ చుక్కకీ ఆ చుక్కకీ మధ్య ఆనించి, సరిగ్గా అక్కడికి తుంచాను. ఆ ముక్క తీసుకెళ్ళి బెల్టు మొనల మధ్య పెట్టాను. వెంట్రుకంత కూడా తేడా లేదు.

మావారికి చూపిస్తే పుల్ల వంకా నా వంకా చూశారు.

"నీకు పనెక్కువై ఇలాంటివి తోస్తన్నాయే" అన్నారు. అమ్మని డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళారు. డాక్టరు గారు టార్చి వేసి చూసి, ఏదో రాపిడి అని ఆయింట్మెంటు రాశారు. దేని రాపిడి అని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

బెల్టు తీసేద్దామని నేను అన్నాను. దింపు అయ్యాక తీద్దాంలే అన్నారు మావారు. మా తోటల్లో కొబ్బరికాయలు దింపే రోజంటే ఇంటినిండా కొత్తమనుషులు. పోయిన దింపుకి టైగరు ఒకతని లుంగీ పట్టుకుని చింపేశాడు. కుక్కని కట్టడి చేస్తేనే వస్తామని వాళ్ళు ముందే చెప్పారు. అందుకని ఆ రోజు బెల్టు ఇంకాస్త బిగించి, వాడిని పాకలో గుంజకి కట్టేశారు.

మేం అందరం తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళమే, అయినా ఒక్కరికి కూడా తట్టలేదు. ఆ పెట్టెకి చెవులున్నాయి గానీ కుక్క అరుపేదో, కాయ పడిన చప్పుడేదో దానికి తెలియదు. పాక చుట్టూ ఉన్న చెట్ల నుంచి గెలలు తెగి దబ్బుమని నేలమీద పడుతుంటే, ప్రతి చప్పుడునీ అది అరుపే అనుకుంది. నోరు విప్పని కుక్కని కొడుతూనే ఉంది.

నాకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. నేను దింపువాళ్ళకి టీ పోస్తున్నాను. వాళ్ళలో పెద్దాయన చెట్టు మొదట్లో నిలబడి నవ్వుతూ అన్నాడు.

"ఏటండీ అమ్మగారూ, మీ టైగరు గారు ఇవాళ మౌనవ్రతం పట్టేరేంటండీ? పోయినసారి మావోడి లుంగీ లాగేసేరు కదండీ!"

"బెల్టు పెట్టేమండీ" అన్నాను.

"ఆయ్, బావుందండీ. అది మా ఇంటిదానికి కూడా ఒకటి తెప్పించండి బాబూ" అన్నాడు. చెట్టు మీద వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు నోట్లో ఉండగానే, ఆ వారం వచ్చి తల్లి దగ్గర కూర్చున్న వదినగారి కేక ఇంట్లోంచి వినబడింది.

"మంగా! ఒకసారి ఇలా రావే! అమ్మ చూడు ఎలా చేస్తందో!"

లోపలికి పరిగెత్తాను. మా అత్తగారు మంచం మీద కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. బయట కాయలు దబ్బుమన్నాయి. ఆవిడ ఎడమచెయ్యి గభాలున గొంతు మీదకి పోయింది. మళ్ళీ దబ్బు. మళ్ళీ చెయ్యి. ఒళ్ళంతా ఒకసారి ఎగిరిపడుతోంది. నోరు తెరుచుకుంటోంది, చప్పుడు లేదు. కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి.

"చప్పుడికి భయపడతందే. చిన్నపిల్లలకి మల్లే" అంది వదినగారు.

అప్పుడు కిటికీలోంచి పాక కనబడింది. టైగరు నేలకి కరుచుకుపోయి ఉన్నాడు. దబ్బుమన్నప్పుడల్లా వాడి మెడ పక్కకి కొట్టుకుపోతోంది. బెల్టు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, ఆరుతోంది.

నేను వదినగారితో, అమ్మ చెయ్యి ఎత్తినప్పుడల్లా "ఆఁ" అని గట్టిగా అనమని చెప్పి పాకలోకి పరిగెత్తాను. టైగరు ముందు గొంతుక్కూర్చున్నాను. లైటు వెలిగింది. లోపల్నుంచి "ఆఁ". మళ్ళీ వెలిగింది. "ఆఁ". ఒక్కటి కూడా తప్పలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఇది లేకపోతే నేను కూడా వదినగారిలాగే చప్పుడికి భయపడిందని సరిపెట్టుకునేదాన్ని. అదే సమయానికి తోట చివర కాలువ వైపు చెట్టు మీద నుంచి ఒక పెద్ద గెల పడింది. చప్పుడు నాకు బాగా వినబడింది. ఇంట్లోకీ వినబడిందని వదినగారు తరవాత చెప్పింది. కానీ దూరం కావడం వల్ల కాబోలు బెల్టుకి అందలేదు. లైటు వెలగలేదు. టైగరు కదలలేదు. లోపల్నుంచి "ఆఁ" రాలేదు. ఇంకో గెల పడింది. రాలేదు. అంతలో పాక పక్క చెట్టు నుంచి ఒక్క కాయ రాలింది, గెల కూడా కాదు. లైటు వెలిగింది. "ఆఁ" అని వదినగారు అరిచింది.

మా అత్తగారు చప్పుడికి ఎగిరిపడడం లేదు. ఆ మొనలు టైగరుకి తగిలినప్పుడు ఎగిరిపడుతోంది.

బెల్టు బకిలు దొరకలేదు. పెద్దాయన్ని కేకేసి కత్తి అడిగాను. ఆయన వచ్చి, రెండువేళ్ళు లోపలికి పెట్టి బెల్టు కోసేశాడు. టైగరు లేవలేదు. నా పాదాల మీద తల పెట్టుకున్నాడు.

లోపలికి వెళ్ళేసరికి వదినగారు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట కాయలు ఇంకా పడుతూనే ఉన్నాయి, అదే చెట్ల నుంచి, అదే చప్పుడుతో. అత్తగారి చెయ్యి గొంతు మీద నుంచి జారి పక్క మీద పడి ఉంది. ఆ తరవాత ఎన్ని గెలలు పడినా అది లేవలేదు. ఆవిడ నిద్రపోయింది.

శ్రీను సాయంత్రం లేచాక సంగతంతా విన్నాడు. తెగిన బెల్టు తీసుకెళ్ళి గోదాట్లో పడేసి వచ్చాడు. టైగరు పక్కన నేలమీద చాలాసేపు కూర్చున్నాడు.

చుక్కలు ఇద్దరికీ మెల్లగా మాసిపోయాయి. కానీ అరుపు రాలేదు, మాటా రాలేదు. ఇల్లు అలాగే నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడా నిశ్శబ్దం ఎవరికీ హాయిగా లేదు. శ్రీను పగలు మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. మేడం గారు చెప్పిన నెలలు అయిపోవస్తున్నాయి. వదినగారు రావడం మానలేదు. తన పేరు పలికిందా అని అడగడం మాత్రం మానేసింది.

ఒక పొద్దున్న చేపలావిడ గేటు దగ్గరికి వచ్చి తట్ట దింపింది. టైగరు పాకలోంచి లేచి వెళ్ళాడు. ఎప్పట్లాగే మెడ ఎత్తాడు, నోరు తెరిచాడు. ఈసారి ఆగలేదు. ముందు బొంగురుగా ఒకటి, తరవాత వాడి పాత గొంతుతో గొలుసుకట్టుగా అరుపులు. చేపలావిడ "అమ్మో, నీ దుంపతెగా" అని తట్ట వెనక్కి లాక్కుంది.

సరిగ్గా ఆ అరుపుల మధ్యలో ఇంట్లోంచి వినబడింది.

"మంగా, చేపలామె వచ్చినట్టుంది, చూడు."

ముక్కలు ముక్కలుగా కాదు. వంకరగా కాదు. పడిపోక ముందు ఎలా అనేదో అలాగే, మొత్తం మాట. మావారు పళ్ళెంలో ఇడ్లీ అలాగే వదిలేసి లేచారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

వదినగారికి ఫోన్ చేశాం. మధ్యాహ్నానికల్లా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి పిలిచింది తల్లి.

"సత్తీ! ఏవే, ఇంతసేపా? ఈ మంగకి జడ వెయ్యడం చేతకాదు, గట్టిగా లాగేస్తంది. నువ్వు వచ్చి వెయ్యి."

వదినగారు ఏడుస్తూ నవ్వుతూ దువ్వెన తీసుకుంది. తల్లికున్న కాస్త జుట్టునీ ఎంతసేపు దువ్విందో. పాత గొడవ గురించి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

తరవాత ఎప్పుడో మా అత్తగారిని అడిగాను, ఆ దింపు రోజున మీకేం అయిందని. ఆవిడకి దింపు జరిగినట్టే గుర్తు లేదు. మెడ ఎందుకు పట్టుకున్నారంటే, "నేనెప్పుడు పట్టుకున్నానే?" అంది. ఆ రోజుల్లో మాట్లాడదామని నోరు తెరిస్తే ఎవరో వద్దని గద్దించినట్టుండేదని మాత్రం చెప్పింది. ఎవరని అడిగితే తెలియదంది.

మేడం గారు చాలా సంతోషించింది. ఇలా ఒక్కసారిగా మాట రావడం అరుదే గానీ లేకపోలేదంది. చుక్కల గురించీ ఈనుపుల్ల గురించీ చెబితే విన్నది, తల ఊపింది, పుస్తకాల్లో ఇలాంటిది చదవలేదంది. మావారు ఇప్పటికీ చప్పుడికే భయపడిందంటారు. కాలువ వైపు గెలల సంగతేమిటంటే లేచి తోటలోకి వెళ్ళిపోతారు. నేను తెలిసినవాళ్ళందరినీ అడిగాను. పూజారి గారు ఒకటి చెప్పారు, నర్సు ఇంకొకటి చెప్పింది. ఏదీ ఆ లైటుకీ ఆ చేతికీ సరిపడలేదు.

టైగరు ఇప్పుడు ముసలివాడయ్యాడు. మూతి తెల్లబడింది. మొన్న వానల్లో వాడికి దగ్గు పట్టుకుని తిండి మానేశాడు. పశువుల డాక్టరు గారు సూది చేసి, వయసైపోయింది కదండీ అన్నారు. ఆ మాట విని నేను ఇంట్లోకి వెళ్ళాను. మా అత్తగారికి దగ్గు లేదు, జ్వరం లేదు. గంజి గ్లాసు మాత్రం పక్కకి నెట్టేసి, "ఆకల్లేదే" అంది. టైగరు పాలు ముట్టిన పూట ఆవిడ గంజి తాగింది. వర్షాకాలం ముసలివాళ్ళకి అరుగుదల ఉండదే, నువ్వు అన్నిటికీ ముడిపెడతావు అన్నారు మావారు. అయి ఉండొచ్చు. కాదని నేను ఎలా చెప్పగలను?

నేను పొద్దున్నే లేచి ముందు పాకలోకి వెళ్తాను. గిన్నె ఖాళీ చేశాడా లేదా చూసుకుంటాను. ఆ తరవాతే మా అత్తగారి గది తలుపు తీస్తాను.